సూది వాలు

ఎల్డన్ కివెలా సోమవారం పొద్దున్న డయాలిసిస్‌కి మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన దళసరి చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆగస్టు నెల. అమెరికా ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో ఆగస్టంటే ఒళ్ళు కాలే ఎండలేమీ ఉండవు గాని, నాలుగేళ్ళుగా ఆయన మంచుకాలంలో సైతం పొట్టి చేతుల చొక్కాతోనే వచ్చేవాడు. చలేస్తే ఒళ్ళో దుప్పటి పరుచుకునేవాడు. చెయ్యి నర్సుకి సిద్ధంగా ఉండాలన్నది ఆయన పద్ధతి. అందుకని ఆ చొక్కా చూడగానే ముసలాయన ఏదో దాస్తున్నాడని నర్సు ట్రీనాకి తెలిసిపోయింది.

"చెయ్యి పైకి మడవండి," అంది.

"ఇవాళ చలిగా ఉంది."

"చొక్కా మీంచి పొడవమంటారా? నాకేం, పొడుస్తాను."

ఎల్డన్ ఒక్కొక్క బొత్తామే తీస్తూ నెమ్మదిగా మడిచాడు. ఎడమ మోచేతి లోపలి పక్క అరచేతి మేర కమిలిపోయి ఉంది. నడిమధ్య వంకాయ రంగు, అంచుల్లో పసుపు.

"గరాజు తలుపు తగిలింది," అన్నాడు.

"మీ గరాజు తలుపుకి సూదిమొన ఉందన్నమాట."

ఎల్డన్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. అబద్ధం చెప్పేటప్పుడూ, సూది దిగేటప్పుడూ ఆయన చూపు అక్కడికే పోతుంది.

ట్రీనా ఓస్ట్‌బీ పదిహేనేళ్ళుగా నర్సు పని చేస్తోంది. కమిలిన చోటు చూస్తే సూది ఎటునుంచి వచ్చిందో, నరాన్ని ఎక్కడ దాటిపోయిందో చెప్పగలదు. ఈ సూది తిన్నగా రాలేదు. పక్కకి ఒరిగి, తడబడి, నరం వెనక గోడని పొడుచుకుని అవతలికి పోయింది. ఇది కొత్త చేతి పని. సోమ, బుధవారాలు ఎల్డన్ కుర్చీ తనది. శుక్రవారం కాలియా షాంగ్‌ది. కాలియా చేరి ఏడాది కూడా కాలేదు. ఇక ఎవరి నిర్వాకమో అడగాలా?

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు. మూత్రపిండాలు మొరాయించినవాడికి ప్రాణమంతా అక్కడే. సర్జను ఒక ధమనినీ ఒక సిరనీ కలిపి కుట్టిన చోట నెత్తురు వరదలా పరుగెడుతూ ఉంటుంది. వేళ్ళు ఆనిస్తే చర్మం కింద పిల్లి గుర్రుపెట్టినట్టు అదురు తెలుస్తుంది. వారానికి మూడుసార్లు అందులో రెండు లావుపాటి సూదులు దిగాలి. ఎల్డన్ నరం లోతైనది, పైగా మెలిక. మొదట్లో నర్సులు పొడిచి పొడిచి ఆయన్ని ఏడిపించారు. ట్రీనా చేతికి మాత్రం అది మొదటిసారే దొరికింది. అప్పటినుంచి ఆమె సెలవు పెడితే ఆయన మొహం వేలాడేసుకునేవాడు.

ఆమె పట్టీ బిగించి, వేళ్ళతో తడిమి, కమిలిన చోటికి పైగా మంచి జాగా వెతికింది. మందు అద్దింది. చర్మాన్ని బొటనవేలితో కాస్త లాగిపట్టి సూది ఆనించింది.

"ఎంత వాల్చావు?" అన్నాడు ఎల్డన్.

"ఇరవై అయిదు డిగ్రీలుంటుంది."

"నరం ఆరు మిల్లీమీటర్ల లోతులో ఉందనుకో. సూది ఎంత దూరం పోవాలి?"

ట్రీనా పెదాల మీద నవ్వొచ్చింది. సూది దించుతూనే మనసులో లెక్క కట్టింది. "పద్నాలుగు. ఇంకో పిసరు."

"నెత్తురు కనపడ్డాక?"

"సూదిని కిందికి వాల్చేసి మెల్లిగా ముందుకి తోయాలి. వాల్చకుండా తోస్తే వెనక గోడ చిరుగుతుంది."

"వాల్చడం ముందా, తోయడం ముందా?"

"వాల్చడమే ముందు. ఏమిటివాళ లెక్కలన్నీ నా సూది మీదే పడ్డాయి?"

అంటూ తలెత్తేసరికి ఎల్డన్ చూపు కిటికీ వైపు లేదు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఆమె వేళ్ళకేసే చూస్తున్నాడు. నాలుగేళ్ళలో ఏనాడూ సూది వైపు కన్నెత్తి చూడని మనిషి.

"ఓడలేవీ రావడం లేదు," అని చటుక్కున మొహం తిప్పేసుకున్నాడు.

ఈ లెక్కల పిచ్చి మొదలైంది కూడా ఆ చేతి దగ్గరే. ఇది ఎందుకు గుర్రుమంటుందని ఒకసారి ట్రీనా పెద్ద డాక్టరుని అడిగితే, అది అంతే, అలాగే ఉంటుంది అని ఆయన వెళ్ళిపోయాడు. ఎల్డన్ ఊరి నీటి సరఫరాలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాడు. "మా గొట్టాలూ ఇలాగే మూలుగుతాయి, కాగితం తే," అన్నాడు. గొట్టం సగానికి సన్నబడితే అంతే ఒత్తిడికి నీళ్ళు సగం కాదు, పదహారో వంతే వస్తాయని ఆ రోజు రాసి చూపించాడు. ఎందుకు పదహారు అని ఆమె పట్టుకుంది. అంతే, ఇక వదల్లేదు. మిషను ఆయన నెత్తురు కడుగుతున్నంతసేపూ, వేరే కుర్చీల దగ్గరికి తిరిగి వచ్చినప్పుడల్లా ఆమెకో లెక్క సిద్ధంగా ఉండేది. చేతికి గొట్టాలు తగిలించుకుని కదల్లేని మనిషి ఆమెకి కాలిక్యులస్ నేర్పాడు. చిన్నప్పుడు లెక్కల్లో మొద్దు అనిపించుకున్నదానికి నలభయ్యో ఏట ఆ మాట అబద్ధమని తెలియడం చిన్న సంగతి కాదు. ఆయనకి ఎంతో రుణపడ్డానని ఆమె అనుకునేది.

దాని ఫలితమే కొండమీది యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ సీటు. కిందటేడే వచ్చింది. చేరే వారంలో ఎల్డన్ చెయ్యి వాచి ఆయన మంచానపడితే, జనవరికి చూద్దాంలే అని ట్రీనా ఆగిపోయింది. జనవరి వచ్చింది, పోయింది. ఈసారీ చేరకపోతే సీటు ఇక లేనట్టే. పగటి క్లాసులు కాబట్టి ఉద్యోగం వదలాలి. వదిలేది లేనిదీ హెడ్ నర్సు బెవ్‌కి బుధవారం సాయంత్రంలోగా చెప్పాలి. పొద్దున్న ఇంటినుంచి బయలుదేరినప్పుడు వదులుతున్నాననే చెప్పాలనుకుంది. ఇప్పుడు ఈ వంకాయ రంగు చెయ్యి చూశాక ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుంది?

కాలియా సామాన్ల గదిలో గాజుగుడ్డ పెట్టెలు సర్దుతోంది.

"శుక్రవారం ఎల్డన్ చెయ్యి ఏం చేశావ్?" అంది ట్రీనా గుమ్మంలోంచే.

కాలియా పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "కొంచెం కమిలింది."

"కొంచెమా? వెళ్ళి చూడు. రాకపోతే రాదని చెప్పాలి కాలియా, అందులో నామోషీ లేదు. ఒక ఫోను కొడితే సెలవైనా వచ్చి వేసేదాన్ని. అది మనిషి చెయ్యి. నువ్వు సూది గుచ్చడం నేర్చుకోవడానికి పెట్టిన నారింజపండు కాదు."

నారింజ అన్న మాటకి కాలియా చివ్వున తలెత్తింది. ఏదో అనబోయి మింగేసింది. చెవులు ఎర్రబడ్డాయి. నడవలో పోతున్న ఇద్దరు టెక్నీషియన్లు ఆగి, వినీ విననట్టు కదిలిపోయారు.

"తప్పే. ఇకనుంచి జాగ్రత్తగా చూసుకుంటాను," అంది కాలియా.

కాస్త ఎదురు తిరిగి ఉంటే ట్రీనా కోపం చల్లారేదేమో. ఆ పిల్ల అలా తలవంచుకునేసరికి అది ఇంకా రగిలింది. నేరుగా బెవ్ గదికి వెళ్ళింది.

"శుక్రవారం కూడా ఎల్డన్ కుర్చీకి నన్నే వెయ్యండి."

బెవ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కాలేజీ మాటేమిటి?"

"జనవరికి చూసుకుంటాను."

"మన ఊళ్ళో జనవరి ఏటా తప్పకుండా వస్తుంది ట్రీనా. నువ్వే కదలవు."

"ఆ చెయ్యి చూశారా మీరు?"

"చూశాను." బెవ్ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. "గడువు బుధవారం కదా. బుధవారం చెప్పు. ఇవాళ నాకేం వినపడలేదు. ఆ కాలియాని మాత్రం ఇంకేమీ అనకు."

అన్నీ తెలిసి వెనకేసుకొస్తోందని ట్రీనా మరింత నొచ్చుకుంది.

సాయంత్రం ఆమె భర్త డేల్ పొయ్యి దగ్గర నిలబడి చేపలు వేయిస్తూ సంగతంతా విన్నాడు. డేల్ ఇనప ఖనిజం ఓడలకెత్తే రేవులో పనిచేస్తాడు. ఎక్కువ మాట్లాడడు.

"ఆ ముసలాయన నిన్ను పెంచుకున్నాడా, నువ్వాయన్ని పెంచుకున్నావా?" అన్నాడు.

"ఆ నరం సంగతి నీకు తెలీదు. నేను తప్ప ఎవరు వేసినా పాడుచేస్తారు."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సరే, తిను."

చేప బాగానే వేగింది. ట్రీనా సగం తిని పళ్ళెం పక్కకి జరిపింది.

మంగళవారం యూనివర్సిటీలో కొత్తవాళ్ళ రోజు. చేరడం లేదని ఫోనులో చెప్పడానికి మనసొప్పక ఆమె స్వయంగా వెళ్ళింది. వరసలో ముందున్నవాళ్ళంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు. వెనకనున్న ఒకావిడ, "మీ అమ్మాయికి వసతి దొరికిందా?" అని పలకరించింది. దొరికిందండీ అనేసింది ట్రీనా. చేరనిదానికి నిజం చెప్పి మాత్రం ఏం లాభం?

కౌంటరు ఆవిడ భోజనానికి లేచిపోయింది. కాళ్ళు ఊరుకోక ట్రీనా నడవ వెంట పోతే ఒక ప్రయోగశాల తలుపు బార్లా తీసి ఉంది. లోపల గది పొడవునా ఒక గాజు గొట్టం. అందులో నీళ్ళు. నీళ్ళ మధ్య ఊదారంగు చుక్క దారంలా సాగి కదలకుండా నిలిచి ఉంది. అక్కడున్న ప్రొఫెసరు నడివయసు మనిషి, జీన్స్‌లో ఉంది. వచ్చినవాళ్ళకి చూపించడానికి నీళ్ళ వేగం పెంచే మర మెల్లిగా తిప్పింది. దారం కాస్త వణికింది. ఇంకొంచెం తిప్పింది. ఉన్నట్టుండి దారం చిక్కుపడి, సుడులు తిరిగి, నీళ్ళన్నీ ఊదా అయిపోయాయి.

"చెయ్యి పెట్టి చూడొచ్చా?" అంది ట్రీనా.

"ఇక్కడ, ఇనప గొట్టం మీద పెట్టండి. గాజు మీద అంత తెలీదు."

ట్రీనా మూడు వేళ్ళు ఆనించింది, నర్సులు ఆనించినట్టే. వేళ్ళ కింద సన్నటి అదురు. నాలుగేళ్ళుగా తను ఒక మనిషి చేతిలో తడుముతున్నదే. పెద్ద డాక్టరు అది అంతే అన్నదాన్ని ఇక్కడ మర తిప్పి తెప్పిస్తున్నారు, మర తిప్పి ఆపుతున్నారు. ఎప్పుడు మొదలవుతుందో లెక్కగట్టి చెబుతున్నారు. ఈ గదిలోకి రోజూ రావాలని ఆమెకి ఎంత ఆశ పుట్టిందంటే, కళ్ళలో నీళ్ళు తిరిగి, జీన్స్ ఆవిడకి కనపడకుండా పక్కకి తిరిగింది.

మళ్ళీ వెళ్ళి వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది. కౌంటరు ఆవిడ, "చెప్పండి," అంది.

"రేపు చెప్తాను," అని బయటికి వచ్చేసింది.

బుధవారం పొద్దున్న కారులోనే ఆమె నిశ్చయించుకుంది. ఆశ ఉంటే ఉంది. ఆశపడ్డవన్నీ అందరికీ దొరుకుతాయా? ఎల్డన్ మూలాన ఆ లెక్కలు వచ్చాయి, ఆ అదురు ఏమిటో తెలిసింది. అంతవరకూ చాలు. లెక్క నేర్పిన మనిషి చెయ్యి చెడనిచ్చి తను పోయి చదివేదేముంది? సాయంత్రం దాకా ఎందుకు, వెళ్ళగానే బెవ్‌కి చెప్పేస్తే సరి.

చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, ముందు ఎల్డన్ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పటికే బరువు చూసుకుని కూర్చున్నాడు. పొట్టి చేతుల చొక్కా. కమిలిన చోటు పసుపు తిరుగుతోంది. ఎదర పళ్ళెంలో సూదులు, పట్టీ, మందు తడి గుడ్డలు వరసగా సర్ది ఉన్నాయి. అంటింపు పట్టీ ముక్కలు ముందే కత్తిరించి పళ్ళెం అంచుకి అంటించి ఉన్నాయి. ప్రతి ముక్క కొసా చిన్నగా మడిచి ఉంది. రెండు చేతులున్న నర్సెవరూ అలా మడవరు. పక్కన కాలియా నిలబడి ఉంది.

"నువ్వెందుకిక్కడ?" అంది ట్రీనా.

"నేనే రమ్మన్నాను," అన్నాడు ఎల్డన్. "నువ్వా ముక్కాలిపీట మీద కూర్చో."

"సూది వేసి కూర్చుంటాను."

"కూర్చోమన్నానా?"

ఆ గొంతు లెక్క తప్పినప్పటి గొంతు. ట్రీనా కూర్చుంది.

ఎల్డన్ కళ్ళజోడు సరిచేసుకున్నాడు. కాలియా పట్టీ బిగించి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన కుడిచేతి వేళ్ళతో ఎడమ చెయ్యి తడిమాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పైకి, తొందర లేకుండా. మందు గుడ్డతో గుండ్రంగా తుడిచాడు. సూది రెక్కలు రెండూ వేళ్ళ మధ్య మడిచి పట్టుకున్నాడు. సూదిమొన చర్మానికి ఆనించాడు.

కిటికీలో తెల్లటి పొడుగాటి ఓడ ఒకటి రేవులోకి వస్తోంది. ఎల్డన్ అటు చూడలేదు.

సూది దిగింది. గొట్టంలో ఎర్రగా నెత్తురు తొంగిచూసింది. ఆయన సూదిని వాల్చాడు, తర్వాత తోశాడు. పట్టీ ముక్కని మడిచిన కొస పట్టుకుని ఒంటిచేత్తో తీసి అంటించాడు.

రెండో సూది అంత తేలిగ్గా లొంగలేదు. దిగింది గాని నెత్తురు రాలేదు. ఎల్డన్ నుదుట చెమట పట్టింది. ట్రీనా తనకి తెలియకుండానే సగం లేచింది. కాలియా చెయ్యి ఆమె భుజం మీద పడింది. గట్టిగా నొక్కలేదు, ఊరికే ఆనించి ఉంచింది. ట్రీనా అలాగే, లేవకుండా కూర్చోకుండా ఆగిపోయింది. అంతకంటే కష్టమైన పని పదిహేనేళ్ళలో ఆమె చెయ్యలేదు.

ఎల్డన్ ఊపిరి వదిలాడు. సూదిని పిసరంత వెనక్కి లాగాడు. "ఇరవై అయిదు," అని తనలో తను గొణుక్కుని కొద్దిగా వాలు మార్చాడు. ఎర్రటి చుక్క గొట్టంలోకి వచ్చింది.

కాలియా గొట్టాలు మిషనుకి కలిపింది. మిషను తిరగడం మొదలయ్యాక ఎల్డన్ తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరు నేర్పారు?" అంది ట్రీనా. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"నువ్వే. ఈ వేసవంతా నేనడిగిన కోణాలన్నీ నీ చదువుకే అనుకున్నావా? సగం నా సూదికి."

"ఆ కమిలింది..."

"శుక్రవారం సూది నేనే వేసుకున్నాను, నా ఘనకార్యమే. తోశాక వాల్చాను. అందుకే సోమవారం మళ్ళీ అడిగాను." కళ్ళు తెరిచాడు. "ఇంటిదగ్గర నారింజల మీద సాధన చేశాను. మూత్రపిండాలు పోయినవాణ్ణి, తినడానికెలాగూ నాకు నిషేధం కదా, పొడవడానికైనా పనికొచ్చాయి. మా పెరట్లోకొచ్చే జింకలు వాటిని తిని బలిసి కూర్చున్నాయి."

"నాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే నేర్చుకోనిచ్చేదానివా? రెండో రోజే సూది లాక్కునేదానివి. బెవ్‌కి తెలుసు, డాక్టరుకి తెలుసు. తెలీంది నీ ఒక్కదానికే. ఈ పిల్ల చేత ఒట్టు వేయించుకున్నాను. వెధవ ఒట్టు. సోమవారం నువ్వు దీన్ని తిట్టావని నిన్న తెలిసి నాకు అన్నం సయించలేదు."

ట్రీనా లేచి కాలియా వైపు తిరిగింది. "నలుగురిలో అన్నాను," అంది. "నలుగురిలోనే క్షమించమని అడుగుతున్నాను." పక్క కుర్చీలవాళ్ళు తలలు తిప్పారు. తిప్పితే తిప్పనీ అనుకుంది.

"పోనీండి. మీరన్నదాంట్లో ఒక్క నారింజ మాటకే భయపడ్డాను, అంతా కనిపెట్టేశారేమోనని," అంది కాలియా. నవ్వింది గాని కళ్ళు తుడుచుకుంది.

"ఇలా రా అమ్మాయ్," అన్నాడు ఎల్డన్. ట్రీనా దగ్గరికి వెళ్ళింది. "కిందటేడు నా చెయ్యి వాచిందని ఆగిపోయావు. ఏడాదిగా సోమవారం నువ్వొస్తుంటే సంతోషం, ఇంటికెళ్ళాక సిగ్గు. నాకు నొప్పి లేకుండా చూసినదానివి, నీ చదువుకి నేను అడ్డు కాకూడదు. ఇప్పుడు నా చెయ్యి నా చేతిలో ఉంది. ఇంకేం సాకు చెప్తావో చెప్పు, వింటాను."

ఈయన రుణం తీర్చుకోవడానికి తను ఆగిపోదామనుకుంది. తను ఆగకుండా ఉండడానికి ఈయన తన చెయ్యి తనే పొడుచుకున్నాడు. ఇంత మేలు చేసినవాళ్ళకి ఏమిచ్చి తీర్చుకోవాలి? తీరదు. తీరకపోయినా పర్లేదని మొదటిసారిగా అనిపించి ఆమె ఏడ్చింది, అందరి ముందూ, పిల్లలా.

"ఇక చాలు," అన్నాడు ఎల్డన్ ఇబ్బందిపడిపోతూ. "క్లాసులెప్పుడు?"

"వచ్చే మంగళవారం."

"లెక్కలు రాకపోతే పట్టుకురా. సోమ, బుధ, శుక్రవారాలు ఇక్కడే ఉంటాను. నాలుగు గంటలపాటు ఎక్కడికీ పారిపోను."

ఆ తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఓడ రేవు ముఖద్వారం దాటి లోపలికి వచ్చేసింది. దాని వెనక నీళ్ళు ఇంకా కదులుతున్నాయి.

బెవ్ గది వైపు పోతూ ట్రీనా చెత్తబుట్ట దగ్గర అలవాటుగా ఆగింది. గ్లౌజులు తీసింది. వాటికి ఒక్క నెత్తురు చుక్కా అంటలేదు. తెల్లగా ఉన్నవాటిని అలాగే బుట్టలో వేసి, చేతులు కడుక్కుని, బెవ్ తలుపు తట్టింది.